నాకు అనుమానం, నా అనుమానం

నేను రాసింది ఒకే ఒక్క వాక్యం. కాగితం వెనక, ఇంకుతో, బుధవారం మధ్యాహ్నం రాశాను. శుక్రవారం ఉదయం ఆఫీసు బంట్రోతు పాపయ్య ఆ కాగితాన్ని క్లాసులోకే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నా వాక్యం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు. పక్కన ‘నకల్ ప్రకరణ్’ అని రాశారు. అంటే కాపీ కేసు.

పాపయ్య వాళ్లది బొబ్బిలి వైపు. అతను పుట్టింది ఇక్కడే, రాయ్‌పూర్ రైల్వే కాలనీలో అయినా ఇంటి యాస పోలేదు. విద్యార్థుల వైపు వీపు తిప్పి మెల్లగా అన్నాడు.

“ఏటి సార్, కాలేజీ అంతా ఒగ్గీసి మనోళ్ల పిల్లనే పట్టుకున్నారేటి?”

“నేనెవర్నీ పట్టుకోలేదు. ఊరికే ఒక మాట రాశాను.”

“మాటే కద సార్ మీ నౌకరీ!”

అతను వెళ్లిపోయాడు. మూడో వరసలో ఎస్తేరు కూర్చుని ఉంది. నా వాక్యం ఎత్తిరాసిన నోటీసు ఆమెకు అప్పటికే అందినట్టుంది. తల దించుకోలేదు. సగంలో ఆగిపోయిన పాఠం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్నట్టు నా వైపే చూస్తోంది. నాకు పాఠం ఎక్కడ ఆగిందో గుర్తు రాలేదు.

బి.ఎ. రెండో సంవత్సరం వాళ్లకు నేను భాషణ కళ చెబుతాను. ఎదుటివాళ్లను ఒప్పించడం ఎలా, అన్న మాటకు ఆధారం చూపడం ఎలా, అవతలి వాదంలో లొసుగు పట్టడం ఎలా, ఇవన్నీ హిందీలో. ఏడాదికి ఒకసారి ప్రతి విద్యార్థీ ఒక ఉపన్యాసం రాసి, కాగితం చూడకుండా క్లాసు ముందు మాట్లాడి, ఆ కాగితం నాకివ్వాలి. దానికి ఇరవై మార్కులు. ఎస్తేరు ఎంచుకున్న విషయం, నర్సును సిస్టర్ అని పిలవడం మానేయాలని. వాళ్లమ్మ సారమ్మ పెద్దాసుపత్రిలో నర్సు.

మొదట శ్రోత చేత మూడు విషయాలకు తల ఊపించండి, నాలుగోది మీ మాట చెప్పండి, అని నేను పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. ఎస్తేరు ఎవరి చేతా తల ఊపించలేదు. వచ్చి నిలబడి, “మా అమ్మను రోజుకు రెండు వందల మంది సిస్టర్ అంటారు. వాళ్లలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు,” అంది. తర్వాత కొంతసేపటికి, “చుట్టరికం కలపడం కొన్నిసార్లు చుట్టరికం ఎగ్గొట్టే దారి,” అంది. కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరిద్దరు చేతులు ఎత్తి, మళ్లీ ఒడిలో పెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దం లాంటిది నా క్లాసులో అంతకు ముందెప్పుడూ లేదు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆమె కాగితాన్ని మూడుసార్లు చదివాను. చదివి వెనక ఇలా రాశాను: ‘మేరా అనుమాన్ హై కి యహ్ భాషణ్ ఛాత్రా కా అప్నా నహీఁ హై.’ ఈ ఉపన్యాసం విద్యార్థిని సొంతం కాదని నా అనుమానం.

తెలుగులో అనుమానం స్థిరం లేని మాట. తాళం వేశానో లేదోనని అనుమానం. పాలు విరుగుతాయేమోనని అనుమానం. నిజం కాకపోతే అందరికీ సంతోషమే. హిందీలో ఆ మాట అలా ఊగదు. అక్కడ అది అంచనా. కనబడిన దాన్ని బట్టి కనబడని దాన్ని తేల్చడం. తర్కశాస్త్రంలోనైతే ఇంకా గట్టిది, కళ్లతో చూసినదాని తర్వాత దానిదే స్థానం. కాపీ కేసులు విచారించే మా కాలేజీ కమిటీకి పెద్ద పాఠక్ జీ, సంస్కృత శాఖాధిపతి. తర్కం చెప్పే మాస్టారు ‘అనుమాన్’ అని రాస్తే ఆయన దృష్టిలో విషయం తేలిపోయినట్టే. తేలిపోతే ఎస్తేరు ఈ ఏడాది పరీక్షలు రాయడానికి లేదు.

దారి ఒకటి కనిపించింది. నేను తెలుగువాణ్ని. మా మాట మనసులో మెదిలి, వాళ్ల మాటగా కాగితం మీద పడింది. భాష వల్ల జరిగిన పొరపాటు. ఇందులో ఎవరి తప్పూ లేదు. శుక్రవారం సాయంత్రం సైకిలు మీద మోవాలోని నా గదికి వెళ్తూ ఈ వాదాన్ని తయారు చేసుకున్నాను. ఎంత బాగుందంటే, ఇంటి సందు దాటి చాలా దూరం పోయాక గాని వెనక్కి తిప్పాలని గుర్తు రాలేదు.

శనివారం ఆసుపత్రి క్వార్టర్స్‌కు వెళ్లాను. సారమ్మ డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. తెల్లచీర ఇంకా మార్చలేదు. తలుపు తీసి నన్ను కాసేపు గుమ్మంలోనే నిలబెట్టింది.

“రండి సార్. మా పిల్ల దొంగ అని రాసింది మీరే గదా? మరి ఇంటికొచ్చారేటి, ఇంకేవైనా పోయాయా?”

“అలా రాయలేదమ్మా.”

“ఎలా రాసినా సాల్ బర్బాద్ అవుతాదంట గదా, ఏడాదంతా పోతాదంట. వాళ్ల నాన్న భన్‌పురి లారీలతోని నాగపూర్ పోయాడు. కమిటీకి నేనే రావాల. సోమారం నాకు మార్నింగ్ డ్యూటీ. ఎవర్ని బతిమాలాలి చెప్పండి.”

కూర్చోమంది. పొరపాటు ఎలా జరిగిందో చెప్పాను. తెలుగు అనుమానం, హిందీ అనుమాన్. ఆమె అరచేత్తో నుదురు కొట్టుకుంది.

“అదా! నాకూ అయింది సార్ ఇలాగే. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక పేషెంటు బంధువులు, ఇతను బాగా చేష్ట చేస్తున్నాడు అన్నారు. ముసలాయన వేషాలేస్తున్నాడు కాబోసు అని నేను కేకలేశాను. తీరా చూస్తే పాపం, లేవడానికి ప్రయత్నం చేస్తున్నాడంట.” నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “అలగే చెప్పండి సార్. భాష తప్పు అని చెప్పండి. పిల్ల గట్టెక్కితే చాలు.”

ఎస్తేరు లోపలి గది గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతిలో టీ గ్లాసు. నాకు అందించలేదు.

“సార్, మీకు నిజంగా అనుమానమా?”

“ఆ మాట పొరపాటున పడిందని ఇప్పుడే అమ్మకు చెప్పాను.”

“మాట గురించి కాదు సార్.”

“టీ ఇవ్వవే ముందు,” అంది సారమ్మ.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. టీ చాలా వేడిగా ఉంది. తాగేసి బయటపడ్డాను. నాలుక కాలిందన్న సంగతి రోడ్డు మీదికి వచ్చాక తెలిసింది.

ఆదివారం నాకు ఏ పనీ నిలవలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం మరచిపోయాను. సగం బట్టలు ఉతికాను. సిల్తారా వైపు కొత్తగా లేచిన ఇనుము ఫ్యాక్టరీల నుంచి వచ్చే మసి కిటికీ అంచున పేరుకుంటుంది. దాన్ని రెండుసార్లు తుడిచాను, మూడోసారి తుడవబోతూ ఆగాను. సోమవారం చెప్పబోయే వాదం తిరుగులేనిదిగా ఉంది. అయినా మనసు దాని చుట్టూ తిరుగుతూనే ఉంది.

క్లాసులో నేనొక అభ్యాసం చేయిస్తాను. రెండు కుర్చీలు వేసి, ఒకే మనిషి ఒక కుర్చీలో కూర్చుని ఒక పక్షం, లేచి రెండో దాంట్లో కూర్చుని ఎదుటి పక్షం వాదించాలి. నా గదిలో ఒక కుర్చీ, ఒక స్టూలు ఉన్నాయి. మొదట కుర్చీలో కూర్చున్నాను. ‘తెలుగులో ఆలోచించాను, హిందీలో రాశాను, అందుకే తప్పు పడింది’ అన్నాను, పైకే. తర్వాత స్టూలు మీదికి మారాను.

స్టూలు మీద కూర్చున్నవాడు వెంటనే అడిగాడు: ‘తెలుగులో ఆలోచిస్తే ఏమనుకుంటావు?’

నాకు అనుమానం.

‘దాన్ని అలాగే హిందీలో పెడితే?’

ముఝే అనుమాన్ హై. మావాళ్లు పాపయ్య దగ్గర్నుంచి చదువుకున్న వాళ్లదాకా అందరూ చేసే తప్పే అది. నాకు, ముఝే. హిందీవాళ్లు అలా అనరు. మేరా అనుమాన్, నా అనుమానం, అంటారు. నేను రాసింది మేరా. తప్పు లేకుండా, పుట్టు హిందీవాడు రాసినట్టు రాశాను. ఆ వాక్యంలో తెలుగు ఎక్కడా లేదు. నేను ఏమనుకున్నానో అదే రాశాను.

స్టూలు మీద నుంచి లేచాను. కుర్చీలోకి వెళ్లలేకపోయాను. గది మధ్యలో నిలబడి, బుధవారం మధ్యాహ్నాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మొదటిసారి చదివినప్పుడు సంతోషం. రెండోసారి చదువుతుంటే ఏదో నొప్పి, ఎక్కడో తెలియదు. మూడోసారి తప్పుల కోసం చదివాను. చదువుకునే రోజుల్లో వక్తృత్వ పోటీల్లో నాకు బంగారు పతకం వచ్చింది. ఆ రోజు నేనేం మాట్లాడానో ఒక్క వాక్యం గుర్తు లేదు. చుట్టరికం ఎగ్గొట్టే దారి అన్న ఆ పిల్ల వాక్యం మాత్రం అయిదు రోజులుగా నాలో తిరుగుతోంది. అది ఆమెది కాకపోతే బాగుండునని అనిపించింది. ఎవరిదో అయితే ఫరవాలేదు. ఎవరో పెద్ద రచయితది అయితే మరీ మంచిది. కోరికను ఆధారంగా చూపకూడదని క్లాసులో చెబుతాను. నేను చూపింది అదే.

అయినా ఏం? పాఠక్ జీకి ఇది తట్టదు. ‘మేరా’ అన్నది ఆయన చెవికి సహజం. సరైన మాటలో అనుమానించడానికి ఏముంటుంది? తప్పు లేకపోవడమే తప్పని చూడగలిగింది రెండు భాషలూ ఇంట్లో కలిపి మాట్లాడేవాళ్లే. కమిటీ గదిలో అలాంటివాళ్లు నేను కాక ఇద్దరుంటారు. తల్లికి అది పట్టదు. కూతురికి పట్టినా నోరు విప్పదు. లాభం పొందే శ్రోత ఆధారం అడగడు, ఇదీ నేను చెప్పే పాఠమే.

సోమవారం కమిటీ గదిలో పాఠక్ జీ, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ఎదురుగా సారమ్మ యూనిఫాంలోనే వచ్చి కూర్చుంది. పక్కన ఎస్తేరు. నేను పక్కగా, ఎవరి వైపూ కాని చోట.

నా వాదం చెప్పాను. బాగా చెప్పాను. మొదట వాళ్ల చేత మూడుసార్లు తల ఊపించాను. తెలుగు, హిందీ రెండింట్లోనూ సంస్కృతం మాటలున్నాయి, అవునా? ఒకే మాట ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా స్థిరపడింది, అవునా? హిందీలో శిక్షా అంటే చదువు, తెలుగులో శిక్ష అంటే దండన, అవునా? ఇక్కడ ఒక సభ్యుడు పకపకా నవ్వాడు.

“మా అబ్బాయిని తెలుగు బడికి పంపాలి, అప్పుడు రెండూ ఒకేచోట దొరుకుతాయి,” అన్నాడు.

తర్వాత అనుమానం సంగతి చెప్పాను. పాఠక్ జీ సంతోషంతో ముందుకు వంగాడు. “అరె వాహ్! మాకు ప్రమాణం, మీకు సందేహం. ఇంత చిన్న విషయానికి పిల్లను కూర్చోబెట్టాం.” ఎస్తేరు వైపు తిరిగి హిందీలో అన్నాడు. “మీ సార్‌కు సందేహం మాత్రమే అమ్మా. ఆధారం లేదు కనుక వదిలేస్తున్నాం. ఇక ముందు జాగ్రత్తగా ఉండు. సరేనా?”

సారమ్మ చేతులు జోడించింది. లేవబోయింది.

“దేని గురించి జాగ్రత్తగా ఉండాలి సర్?” అంది ఎస్తేరు, హిందీలోనే.

“అంటే… నీ సొంతంగా రాయడం గురించి.”

“సొంతంగానే రాశాను.”

“అందుకే కదా బేటీ, వదిలేస్తున్నాం.”

“వదిలేయడం వేరు కదా సర్.”

సారమ్మ కూతురి మోచేయి గిల్లింది. “ఒలే, నోరు మూసుకోవే. సార్ ఎంతో చూసి గట్టెక్కిస్తున్నారు, మళ్లీ దిగబడతావేటి?”

ఎస్తేరు చెయ్యి విడిపించుకుంది. నా వైపు తిరిగింది. తెలుగులో అడిగింది. ఆ గదిలో నన్నొక్కణ్నే అడిగినట్టు.

“సార్, నాకు అనుమానం అనుకుంటే ముఝే అని రావాలి కదా. మేరా అని ఎందుకొచ్చింది?”

కమిటీ వాళ్లకు తెలుగు రాదు. వాళ్లకు అర్థం కాలేదు. నాకు అర్థమయింది.

“క్యా కహ్ రహీ హై?” ఏమంటోందని పాఠక్ జీ అడిగాడు, నన్నే.

ఆమె నాకు వేసిన ప్రశ్నను వాళ్లకు చేరవేయవలసింది నేనే. ఏమైనా చెప్పవచ్చు. కృతజ్ఞతలు చెబుతోంది అన్నా నమ్ముతారు. సారమ్మ కళ్లతోనే బతిమాలుతోంది, అలాగే ఏదో ఒకటి అనమని. ఈ వాదం పడిపోతే నా రాత మళ్లీ నిలబడుతుంది, ఎస్తేరు ఏడాది పోతుంది. అది తెలిసే అడిగింది. లాభం పొందేవాళ్లు అడగరన్న నా పాఠం నా ముందే తప్పయింది. అందుకు కోపం రావాలి. రాలేదు. పోటీలో నా పేరు పిలవబోయే ముందులాగా ఉంది.

“నేను అబద్ధం చెబుతున్నానంటోంది,” అన్నాను.

“ఏమిటీ?”

“అది ఆమె మర్యాదగా అడిగింది. నేను సూటిగా చెబుతున్నాను.” ముఝే, మేరా తేడా వివరించాను. “నేను తెలుగులో ఆలోచించి రాయలేదు. మీకు ఏ అర్థం తోచిందో అదే అర్థంతో రాశాను.”

నవ్విన సభ్యుడు కుర్చీలో సర్దుకున్నాడు. పాఠక్ జీ ముఖంలోంచి సరదా పోయింది. మళ్లీ అధ్యాపకుడయ్యాడు.

“అయితే అది అనుమానమే. బాగుంది. హేతువు చెప్పండి.”

“భాష ఆమె స్థాయికి మించి ఉందనిపించింది.”

“హిందీలో ఎన్ని మార్కులు వచ్చాయమ్మా?”

“డెబ్బై నాలుగు.”

“మా అబ్బాయికి నలభై ఒకటి,” అన్నాడు పాఠక్ జీ. “వాడి పేపరు దిద్ది హిందీ శాఖ వాళ్లు ఇంకా ఏడుస్తున్నారు. రెండో హేతువు?”

“నేను నేర్పిన పద్ధతిలో లేదు.”

“మీ ఫిర్యాదు ఏమిటి సత్తిరాజు జీ? మీరు నేర్పింది నేర్చుకోలేదనా? నేర్చుకోకుండానే బాగా రాసిందనా?”

సారమ్మ ఎవరి ముఖం చూడాలో తెలియక మా అందరి ముఖాలూ చూస్తోంది. ఎస్తేరు పెదవి కొరుక్కుంటోంది.

“మూడోది?”

“అలాంటి వాక్యం నాకు ఎప్పుడూ రాలేదు,” అన్నాను. “అదే హేతువు. వేరే ఏదీ లేదు.”

పాఠక్ జీ కళ్లద్దాలు తీసి, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. “ఇది హేతువు కాదు,” అన్నాడు మెల్లగా. “దీనికి వేరే పేరుంది. నేను చెప్పను. ప్రిన్సిపాల్‌కు మాత్రం ఇదంతా రాయాలి. వచ్చే ఏడాది ఈ పేపరు మీకే ఇస్తారో లేదో చెప్పలేను.” నా వాక్యాన్ని తన కలంతో అడ్డంగా కొట్టేసి, ఎర్ర రాతను కూడా కొట్టేసి, కాగితం నా ముందుకు తోశాడు. “కింద సరిగ్గా రాయండి. మార్కు కూడా వేయండి.”

ఈ ఉపన్యాసం విద్యార్థిని సొంతం అని రాశాను. పదిహేడు అని వేశాను. అది దయ కాదు, సిగ్గు కూడా కాదు. బుధవారం మొదటిసారి చదివినప్పుడు నా మనసులో వేసుకున్న మార్కు అదే.

వరండాలోకి వచ్చాక సారమ్మ ముందు కూతుర్ని తిట్టింది. “పిచ్చిదానా, ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏటయ్యేది? మీ నాన్నకి ఏటి చెప్పేదాన్ని?” తర్వాత నన్ను. “మీరు కూడా సార్! ఇంటికొచ్చి టీ తాగి, ఇక్కడికొచ్చి ఇంకోటి చెప్తారేటి?” తిట్లు అయిపోయాక ఆమెకు ఏం చేయాలో తోచక, చీర కుచ్చిళ్లు దులుపుకుని, “పద. డాక్టరు రౌండుకొచ్చేస్తాడు,” అంది.

ఎస్తేరు కదల్లేదు.

“మూడు ఎందుకు తగ్గాయి సార్?”

“ఒలే!” అంది సారమ్మ.

నేను అప్పటికే రెండడుగులు వేశాను. వెళ్లిపోవచ్చు. గంట కొట్టారు, ఇంకో క్లాసు ఉంది. ఆగాను.

“మధ్యలో కాంపౌండర్ల గురించి ఒక పేరా రాశావు. విషయం నర్సులు. ఆ పేరా వాదాన్ని పక్కకు లాగింది.”

“కాంపౌండరుని కాంపౌండర్ సాబ్ అంటారు సార్. అన్నయ్యా అని ఎవరూ అనరు. ఆ పేరా తీసేస్తే, అమ్మని మాత్రమే ఎందుకు అంటారో ఎలా తెలుస్తుంది?”

“ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.”

“చెప్పండి సార్.”

మొదలుపెట్టాను. సగంలోనే అది తప్పుదారిలో పోతోందని తెలిసింది. “కాదు, ఆగు,” అన్నాను. ఇంకోలా ఎత్తుకున్నాను. అదీ నిలవలేదు. సారమ్మ కూతురి చెయ్యి పట్టి లాగుతోంది, పిల్లలు మా పక్క నుంచి తోసుకుంటూ క్లాసుల్లోకి పోతున్నారు. ఎస్తేరు మెట్ల వైపు వెనక్కి నడుస్తూ, నా నోటి వైపే చూస్తోంది.

“ఆగు,” అన్నాను మళ్లీ, వాళ్ల వెంట మెట్లు దిగుతూ. “ఆగు, చెబుతాను.”